'ఎస్ మినిస్టర్' డిస్కులు: ఏళ్ల తరబడి చూశాక

నా దగ్గరున్న పాత బీబీసీ కామెడీల్లో డిస్కులు గీతలు పడేంతగా చూసింది 'ఎస్ మినిస్టర్', దాని కొనసాగింపు 'ఎస్, ప్రైమ్ మినిస్టర్'. రెండూ కలిపి 38 ఎపిసోడ్లు. 1980 ఫిబ్రవరిలో మొదలై 1988 జనవరిలో ముగిశాయి. ఆ కాలపు బ్రిటిష్ సిట్‌కామ్‌లలో ఈ రోజుకీ ఎవరికైనా ధైర్యంగా చూడమని చెప్పగలిగేది ఇదే.

తెలియనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో. జిమ్ హ్యాకర్ కొత్తగా మంత్రి అవుతాడు. ఆయన శాఖ కార్యదర్శి సర్ హంఫ్రీ. ఇద్దరి మధ్యా నలిగే ప్రైవేట్ సెక్రటరీ బెర్నార్డ్. మంత్రి ఏదో ఒకటి మార్చాలంటాడు. హంఫ్రీ ఎప్పుడూ కాదనడు. కమిటీ వేద్దామంటాడు, పక్క శాఖ అభిప్రాయం తీసుకుందామంటాడు, ఇంకొంచెం అధ్యయనం అవసరమంటాడు. ప్రభుత్వ ఆఫీసులో పనిచేసి రిటైరైన నాకు ఇందులో కల్పన ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తుంది. అభిప్రాయం కోసం వేరే శాఖకు వెళ్లిన ఫైలు, అడిగిన మంత్రి మారిపోయాక తిరిగి రావడం నా సర్వీసులో చూశాను.

రచయితలు ఆంటోనీ జే, జొనాథన్ లిన్ గాల్లోంచి రాయలేదు. హెరాల్డ్ విల్సన్ ప్రధానిగా ఉన్నప్పుడు ఆయనకు దగ్గరగా పనిచేసిన మార్సియా విలియమ్స్, బెర్నార్డ్ డొనహ్యూ లాంటివాళ్లు లోపలి సంగతులు చెప్పేవారు. హ్యాకర్ ఏ పార్టీవాడో చివరిదాకా చెప్పకపోవడం ఇంకా మంచి పని. పేరు పెట్టి ఉంటే ఆ ప్రభుత్వంతోనే సీరియల్ కూడా పాతబడేది.

రోగులే లేని ఆసుపత్రి ఎపిసోడ్ 1981 నాటిది. సుమారు 500 మంది పరిపాలనా సిబ్బందితో ఆసుపత్రి చక్కగా నడుస్తూ ఉంటుంది. వైద్యం మాత్రం ఇంకా మొదలవలేదు. దాన్ని హంఫ్రీ పూర్తి నమ్మకంతో సమర్థిస్తాడు. నాకు అందులో అన్నిటికన్నా నచ్చేది ఆ నమ్మకమే. ఆయన దొంగ కాదు, లంచగొండి కాదు, తెలివితక్కువవాడు అసలే కాదు. వ్యవస్థ బతికుంటే చాలనుకునే మనిషి. అలాంటివాళ్లతో కలిసి టీ తాగిన అనుభవం ఉన్నవాళ్లకు ఈ పాత్ర ఎంత నిజమో తెలుస్తుంది. పౌరుల వివరాలన్నీ ఒకేచోట కంప్యూటర్లో పెట్టడం గురించి 1980లోనే ఒక ఎపిసోడ్ తీశారు. సిమ్ కార్డు కొనాలన్నా ఆధార్ చూపించే ఈ రోజుల్లో అది అప్పటికంటే ఇప్పుడే ఎక్కువ తగులుతుంది.

హంఫ్రీగా వేసిన నైజెల్ హాథోర్న్‌కు ఈ పాత్రకే నాలుగుసార్లు బ్రిటన్ టీవీ అవార్డు బాఫ్టా వచ్చింది. ఊపిరి తీసుకోకుండా చెప్పే ఆ పొడుగాటి వాక్యాలు వింటే ఎందుకిచ్చారో అర్థమవుతుంది. కానీ మళ్లీ చూసేటప్పుడు హంఫ్రీ మాట్లాడుతుండగా హ్యాకర్‌గా వేసిన పాల్ ఎడ్డింగ్టన్ ముఖం చూడండి. అర్థం కాకపోవడం, అర్థమైనట్టు నటించడం, చివర్లో నిజంగా అర్థమై భయపడటం, మూడూ మాట లేకుండా వచ్చి పోతాయి. ఆయనకు అవార్డు రాకపోవడం నాకు ఇప్పటికీ బాధే.

మరి పాతబడినవి లేవా అంటే, ఉన్నాయి. ఆడవాళ్లు చాలా తక్కువ. హ్యాకర్ భార్య యానీ తెలివిగా మాట్లాడుతుంది కానీ ఎక్కువగా ఇంట్లోనే కనిపిస్తుంది. పై పదవుల్లో మహిళలు లేకపోవడం మీద 1982లో ఒక ఎపిసోడ్ ఉంది. ఆ లోపం రచయితలకు తెలుసన్నమాట. తెలిసీ మిగతా ఎపిసోడ్లలో పెద్దగా సరిచేయలేదు. అరబ్బు దేశంలో విందు జరిగే ఎపిసోడ్, ఆఫ్రికా అధ్యక్షుడు వచ్చే ఎపిసోడ్ చూస్తే కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. దేశాల పేర్లు కల్పితమే అయినా చూపు మాత్రం నిజంగానే ఆనాటి లండన్‌ది. ప్రేక్షకుల ముందే తీశారు కాబట్టి వినిపించే నవ్వులు నిజమైనవే. కొత్తవాళ్లకు మొదట చిరాకు అనిపించొచ్చు. రెండో ఎపిసోడ్‌కి అలవాటైపోతుంది.

పాతబడిన ఆనాటి కామెడీల్లో నాకు ఎక్కువ బాధ కలిగించింది 'మైండ్ యువర్ లాంగ్వేజ్'. 1977లో ఐటీవీ అనే బ్రిటిష్ ఛానల్‌లో మొదలైన సీరియల్. లండన్‌లో రాత్రి బడికి ఇంగ్లిష్ నేర్చుకోవడానికి వచ్చే విదేశీయుల కథ. చిన్నప్పుడు క్యాసెట్లలో చూసి పగలబడి నవ్వేవాళ్లం. ఇప్పుడు చూస్తే క్లాసులో అల్లిక పట్టుకుని కూర్చునే జమీలాకు అంతకుమించి ఇచ్చిన పని చాలా తక్కువని కనిపిస్తుంది. సిక్కు పాత్ర రంజీత్, పాకిస్తానీ అలీ, వీళ్ల యాసే జోకు. భాష రానివాడు రోజూ పడే అవస్థ పక్కకు పోయింది. అమెరికాలో, బ్రిటన్‌లో మన పిల్లలు యాస గురించి మాటలు పడ్డారని విన్నాక ఆ నవ్వు నాకు రావడం లేదు. ఆ సీరియల్ మీద ప్రేమ ఉన్న స్నేహితులు నాకున్నారు, వాళ్లతో ఈ విషయంలో ఒప్పుకోలేను.

ఒక హోటల్‌లో జరిగే కామెడీ 'ఫాల్టీ టవర్స్' సంగతి వేరు. రెండు సీజన్లు కలిపి 12 ఎపిసోడ్లే, 1975లో, 1979లో. జర్మన్ అతిథులు వచ్చే ఎపిసోడ్‌ను 2020లో ఒక స్ట్రీమింగ్ సర్వీసు కొద్దిరోజులు తీసేసి, హెచ్చరికతో మళ్లీ పెట్టింది. హెచ్చరిక పెట్టి చూపించడమే సరైనదని నా అభిప్రాయం. ఆ ఎపిసోడ్‌లో పరువు పోయేది జర్మన్లది కాదు, హోటల్ యజమాని బాసిల్‌ది. ఆ హోటల్‌లోనే ఉండే ముసలి మేజర్ నోట వచ్చే జాత్యహంకార మాటలు మాత్రం ఇప్పుడు వినలేం.

'ఎస్ మినిస్టర్'ను 2001లో స్టార్ ప్లస్‌లో 'జీ మంత్రీజీ' పేరుతో హిందీలో తీశారు, ఫారూఖ్ షేక్ మంత్రిగా. ఆయన బాగా చేశారు. మూలాన్ని మరీ దగ్గరగా అనుసరించడం వల్ల మన సచివాలయాల వాసన అందులో తక్కువే.

డిస్కులు కొనేవాళ్లకు ఒక మాట. డీవీడీలకు ప్రాంతాన్ని బట్టి రీజియన్ నంబరు ఉంటుంది: బ్రిటన్ డిస్కులు రీజియన్ 2, మన దేశానిది రీజియన్ 5. అన్ని రీజియన్లూ ఆడే ప్లేయర్ లేకపోతే అవి తిరగవు. సబ్‌టైటిల్స్ ఉన్న సెట్ తీసుకోండి, హంఫ్రీ మాటలు సగం వాటితోనే అందుతాయి. మొదటి ఎపిసోడ్‌తో కాకుండా ఆసుపత్రి ఎపిసోడ్‌తో మొదలుపెట్టండి. అది నచ్చితే మిగతావి వరుసగా చూడొచ్చు.