బండి లేచే వేగాన్ని అదుపు చేసే ఫ్లో కంట్రోల్ వాల్వులు: దీర్ఘకాల వాడకం తర్వాత సమీక్ష

టెక్సాస్‌లో నేను నడుపుతున్న సిల్వరాడో 1500 పికప్ ట్రక్కుకు నాలుగు చక్రాల దగ్గరా ఎయిర్ బ్యాగులున్నాయి, అంటే స్ప్రింగుల బదులు బండిని మోసే, గాలి నింపే రబ్బరు సంచులు. పాత యజమాని ప్రదర్శనల కోసం చేయించుకున్న సస్పెన్షన్ కావడంతో, బటన్ నొక్కగానే బండి ఎగిరిపడినట్టు లేచేది. చూసేవాళ్లకు అది ముచ్చటే గానీ, వెనక ట్రైలర్ తగిలించుకుని తిరిగేవాడికి అంత వేగంతో పని లేదు. అందుకే ఒక్కో బ్యాగుకు వెళ్లే గొట్టంలో గాలి దారిని స్క్రూతో సన్నం చేసే ఒక్కో ఫ్లో కంట్రోల్ వాల్వు పెట్టించి, కొన్నేళ్లుగా అలాగే వాడుతున్నాను.

వీటివల్ల కలిగిన అసలు లాభం ట్రైలర్ తగిలించేటప్పుడే తెలుస్తుంది. బండి వెనక భాగాన్ని దించి, ట్రైలర్ ముందు కొస కిందికి రివర్స్ చేసి, హిచ్ బాల్ (బండి వెనక ఉండే గుండు) సరిగ్గా కప్లర్‌లో (ట్రైలర్ కొసన ఉండే గిన్నెలాంటి భాగంలో) కూర్చునేదాకా లేపాలి. ఇదివరకు బటన్‌ను ఒక్కసారి తాకితే బ్యాగులో గాలి ఒత్తిడి ఐదారు పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) పెరిగి, బాల్ వెళ్లి కప్లర్ అంచుకు కొట్టుకునేది. ఇప్పుడు ఒక్క తాకుకు ఒకటి రెండు పీఎస్ఐకి మించి పెరగదు కాబట్టి, బాల్ లోపలికి దిగే చప్పుడు విని చేయి తీసేయవచ్చు.

సర్దుబాటు విషయంలో ముందుగా గమనించవలసింది నాలుగు మూలలూ ఒకే రకంగా లేవవన్న సంగతి. ఇంజిన్ బరువంతా ముందు ఉంటుంది. పైగా ముందు బ్యాగు కంట్రోల్ ఆర్మ్ (చక్రాన్ని చట్రానికి కలిపే చేయి) మీద చక్రానికి కాస్త లోపలగా కూర్చుంటుంది కనుక, అదే బరువును మోయడానికి దానికి మరింత ఒత్తిడి కావాలి. సరుకు వేసే బెడ్ ఖాళీగా ఉన్న వెనక భాగానికి అందులో సగం చాలు. ఎడమవైపు ఇంధన ట్యాంకు, డ్రైవర్ బరువు తోడవడంతో ఆ పక్క కొంచెం ఆలస్యంగా లేస్తుంది. ఈ తేడాలన్నిటి వల్ల మొదట వెనక భాగం లేచి, ముందు భాగం ఆలోచించుకుని లేచినట్టుంటుంది. వాల్వులోని నీడిల్ స్క్రూ (గాలి దారిలోకి దిగే సూదిమొన స్క్రూ) గాలిని తగ్గించగలదే తప్ప పెంచలేదు కనుక, అన్నిటికంటే నెమ్మదిగా లేచే మూలను పూర్తిగా తెరిచి ఉంచి, తక్కిన మూడింటిని దాని వేగానికి దించడమే దారి. ఆ నెమ్మది మూల కూడా వేగం పెరగాలంటే స్క్రూతో కాదు, గొట్టంతో పని. బయటి కొలత పావు అంగుళం ఉన్న నైలాన్ గొట్టం లోపలి వైశాల్యం, మూడు ఎనిమిదో వంతుల అంగుళం గొట్టంలో దాదాపు సగమే.

స్క్రూ తిప్పేముందు ప్రతిసారీ, కంప్రెసర్ నింపే గాలి ట్యాంకులో ఒకే ఒత్తిడి ఉండేలా చూసుకోవాలి. చాలామంది పట్టించుకోనిది ఇదే. బ్యాగులోని ఒత్తిడి ట్యాంకు ఒత్తిడిలో సుమారు సగానికి లోపు ఉన్నంతవరకు, వాల్వులోంచి పోయే గాలి పరిమాణం బ్యాగు మీద కాక ట్యాంకు ఒత్తిడి మీదే ఆధారపడుతుంది. అందువల్ల ట్యాంకు 175 పీఎస్ఐ నుంచి 120కి పడితే, వాతావరణ పీడనాన్ని కూడా కలిపి లెక్కిస్తే, ప్రవాహం దాదాపు 30 శాతం తగ్గుతుంది. నిండు ట్యాంకుతో ఒక మూలను, ఖాళీ కాబోతున్న ట్యాంకుతో మరో మూలను సరిచేస్తే మర్నాటికి బండి మళ్లీ వంకరగానే లేస్తుంది. నెమ్మదిగా నింపితే కంప్రెసర్‌కు శ్రమ తగ్గుతుందని కొందరు అంటారు గానీ, బండిని అదే ఎత్తుకు లేపడానికి అంతే గాలి కావాలి కదా.

వాల్వు ఎంపికలో రెండు సంగతులు చూడాలి. మొదటిది దిశ. బ్యాగుకు గాలి పోయేదీ వచ్చేదీ ఒకే గొట్టం కాబట్టి, లోపలికి పోయేటప్పుడు మాత్రమే అడ్డుకుని, బయటికి స్వేచ్ఛగా వదిలే ఒకవైపు వాల్వు కావాలి. దాని ఒంటి మీద ఉన్న బాణం గుర్తు చూసి బిగించాలి. దిగే వేగాన్ని విడిగా, గాలి బయటికి పోయే ఎగ్జాస్ట్ పోర్టుకు స్క్రూ ఉన్న సైలెన్సర్ పెట్టి తగ్గించుకోవడం మేలు. రెండవది ఒత్తిడి పరిమితి. ఫ్యాక్టరీ యంత్రాల కోసం చేసిన ఈ రకం వాల్వులు చాలావరకు 145 పీఎస్ఐకే పరిమితం. ట్రక్కు ట్యాంకులో అంతకంటే ఎక్కువే ఉంటుంది. చవకగా దొరికాయని వాటిని కొనకూడదు.

బండిని లేపి దించే ఎలక్ట్రానిక్ కంట్రోలర్ ఒత్తిడిని బట్టి పనిచేసేదైతే ఒక చిక్కు ఎదురవుతుంది. సెన్సార్ మానిఫోల్డ్ (గాలిని నాలుగు గొట్టాలకు పంచే దిమ్మె) దగ్గర ఉంటుంది, ఫ్లో కంట్రోల్ వాల్వు దాని తర్వాత ఉంటుంది. నింపేటప్పుడు సెన్సార్‌కు బ్యాగులో ఉన్నదానికంటే ఎక్కువ ఒత్తిడి కనబడి, సోలినాయిడ్ (కరెంటుతో తెరుచుకునే వాల్వు) ముందే మూసుకుంటుంది. క్షణంలో ఒత్తిడి సర్దుకోగానే మళ్లీ తెరుచుకుంటుంది. అలా ఆగి ఆగి లేస్తుంటే కంట్రోలర్‌ను మళ్లీ క్యాలిబ్రేట్ చేయాలి. ఎత్తును కొలిచే సెన్సార్లున్న బండిలో ఈ బాధ ఉండదు, పైగా అక్కడ నెమ్మదిగా నింపితే కోరిన ఎత్తును దాటిపోయి వెనక్కి రావడం కూడా తగ్గుతుంది.

స్క్రూలు చట్రం పక్కనే ఉంటాయి కాబట్టి కిందికి దూరవలసి వస్తుంది. గాలిని నమ్మి బండి కిందికి వెళ్లకూడదు. జాక్ స్టాండ్లు పెట్టిన తర్వాతే చేయి పెట్టాలి.

నిర్వహణ పెద్దగా లేదు. బిగించిన వర్క్‌షాపు వాళ్లు వాల్వును బిగించే మరల దగ్గర టెఫ్లాన్ టేపు అంచుదాకా చుట్టడంతో, ఆ తునకలు నీడిల్ దగ్గర చిక్కుకుని ఒక మూల మొరాయించింది. శుభ్రం చేసి, మొదటి రెండు మరలను వదిలి టేపు చుట్టాక ఆ సమస్య రాలేదు. ట్యాంకు అడుగున చేరే నీటిని తరచూ వదలకపోతే, చలి ముదిరిన రోజుల్లో అది ఇంత సన్నని దారిలోనే గడ్డకడుతుంది.

నాకు నచ్చనిది ఒకటే. స్క్రూ తల మీద గీతలు గానీ అంకెలు గానీ లేవు. స్క్రూ కదలకుండా ఉంచే లాక్ నట్ బిగించేటప్పుడు స్క్రూ కూడా కొంచెం తిరుగుతుంది, వేసవిలో కుదిరిన అమరిక మళ్లీ కావాలంటే తల మీద పెయింటు గీత పెట్టుకుని, మూసిన చోటి నుంచి ఎన్ని చుట్లు తెరిచామో కాగితం మీద రాసి గ్లవ్ బాక్స్‌లో ఉంచుకోవాలి.