సూర్యలంక ఇసుకలో పోయిన నా 18,500: మెటల్ డిటెక్టర్ కొనేవాళ్లకు జాగ్రత్త

మన నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, పాలమూరు దిక్కు నుంచి సముద్రం ఒడ్డున వెతకడానికి మొదటిసారి డిటెక్టర్ కొనాలనుకునే వాళ్ల కోసం ఇది రాస్తున్న. పైసలు కట్టకముందే ఒకసారి పూర్తిగా చదవండి.

పోయిన కార్తీక పౌర్ణమికి మా ఇంటోళ్లం సూర్యలంక పోయినం. అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డు పట్టుకొని, వాడపల్లి కాడ కృష్ణ దాటి, పిడుగురాళ్ల మీదుగా బాపట్ల. మోకాలి లోతు నీళ్లల్ల స్నానం చేస్తుంటే మా చెల్లె వేలి ఉంగరం జారిపోయింది. అర తులం. పెళ్లికి మా అమ్మ పెట్టింది, అమ్మ ఇప్పుడు లేదు. అందరం వంగి కాళ్లతో, చేతులతో గంటసేపు దేవులాడినం. దొరకలేదు. తిరిగొచ్చేటప్పుడు దారి పొడవునా చెల్లె ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ వారమే డిటెక్టర్ల కోసం వెతుకుడు మొదలుపెట్టిన. ఆన్‌లైన్‌లో ఒక దుకాణం వాళ్ల దగ్గర 18,500కు ఒకటి కనబడ్డది. ఫిర్యాదు నడుస్తున్నది కాబట్టి పేరు రాయను. ప్రకటనలో వాటర్‌ప్రూఫ్ అన్నరు, మల్టీ ఫ్రీక్వెన్సీ అన్నరు, మీటరున్నర లోతు అన్నరు. ఫోన్ చేసి "సముద్రం కాడ తడి ఇసుక మీద పనిచేస్తదా అన్నా?" అని సూటిగానే అడిగిన. "పనిచేస్తది సార్, మీరు ధైర్యంగా తీసుకోండి" అన్నడు.

వచ్చిన రోజే ఇంటి వెనక ఎర్రమట్టిలో 5 రూపాయల బిళ్లను బెత్తెడు లోతున పెట్టి చూసినం. గంట కొట్టినట్టు మోగింది. బావ తన ఉంగరం పెట్టి చూసిండు, అదీ మోగింది. ఇంట్ల అందరికీ నమ్మకం కుదిరింది. నేను మోసపోయింది సరిగ్గా ఈడనే. మన మట్టి మీద మంచిగ మోగిన యంత్రం ఉప్పు ఇసుక మీద కూడా మోగుతదని భరోసా ఏమీ లేదు. అమ్మేవాళ్లు పంపిన వీడియోలు మళ్లీ తీసి చూసిన, అన్నీ ఎండిన నేల మీద తీసినవే.

సంక్రాంతి అయినంక నేను, బావ మళ్లీ సూర్యలంక పోయినం. పొడి ఇసుక మీద బాగనే పనిచేసింది. సోడా మూతలు, రెండు రూపాయి బిళ్లలు, ఒక తాళంచెవి దొరికినయి. తడి ఇసుక మీద అడుగు పెట్టంగనే అరుపు మొదలైంది. కాయిల్ (కర్ర చివర నేల మీద ఆడించే తీగ చుట్ట) కుడికి తిప్పితే కుయ్, ఎడమకు తిప్పితే కుయ్, కొంచెం ఎత్తితే ఒక కూత, దించితే ఇంకో కూత. అల మీదికొచ్చినప్పుడైతే ఆగకుండ మోతే. కూసిన చోటల్ల తవ్వినం, కింద ఉత్త ఇసుక. సెన్సిటివిటీ, అంటే ఎంత సన్నటి సిగ్నల్‌కు మోగాలనే సెట్టింగు, తగ్గించుకుంట పోతే నాలుగో వంతుకు వచ్చినంక గమ్మునైంది. అప్పుడు బావ తన ఉంగరానికి దారం కట్టి ఆ తడి ఇసుకలనే బెత్తెడు లోతున పెట్టిండు. మీద నుంచి నాలుగుసార్లు తిప్పిన. చప్పుడే లేదు. ఇంటి కాడ మోగిన ఉంగరం అదే, లోతూ అంతే.

చెల్లె ఉంగరం మీద నుంచే నడిచి పోయినా మాకు తెలిసేది కాదని అప్పుడు అర్థమైంది. నాకు పైసలు పోయిన బాధ కంటే అది ఎక్కువైంది.

ఎందుకిట్లయితదో తర్వాత కూర్చొని చదివిన. డిటెక్టర్ కాయిల్ నుంచి మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రం నేలలోకి పోతది. కింద కరెంటు పారే వస్తువు ఏదున్నా అందులో సన్నటి కరెంటు పుడతది, దాని జవాబును కాయిల్ పట్టుకుంటది. సముద్రపు నీళ్లల్ల లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటది, అందుకని ఆ నీళ్లల్ల కూడా కరెంటు పారుతది. ఆ క్షేత్రం సెకనుకు ఎన్నిసార్లు మారుతదో దాన్నే ఫ్రీక్వెన్సీ అంటరు. ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడిచే యంత్రానికి తడి ఇసుక అంతా పరిచిన రేకు లెక్క కనబడుతది. అసలు చిక్కు ఇంకొకటి ఉన్నది. ఉప్పు నుంచి వచ్చే సిగ్నల్, సన్నటి బంగారం నుంచి వచ్చే సిగ్నల్ చాలా దగ్గర దగ్గరగా ఉంటయి. డిస్క్రిమినేషన్ (అక్కరలేని సిగ్నళ్లను వదిలేసే సెట్టింగు) పెంచి ఉప్పు నోరు మూయిస్తే ఉంగరం కూడా మూగబోతది. సన్న గొలుసైతే ఆశ వదులుకోవడమే. దానికి తోడు ఆంధ్ర తీరంలో చాలాచోట్ల ఇల్మనైట్, మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజాలు కలిసిన నల్ల ఇసుక ఉంటది, ఆ చారల మీద ఇంకా కష్టం.

ఇక "మల్టీ ఫ్రీక్వెన్సీ" మాట. ఇందులో రెండు రకాలున్నయని నాకు ఎవరూ చెప్పలేదు. మొదటి రకం యంత్రంలో నాలుగైదు ఫ్రీక్వెన్సీలు ఉంటయి, కానీ మనం బటన్ నొక్కి ఒకసారి ఒకటే ఎంచుకోవాలె. రెండో రకం ఒకేసారి పలు ఫ్రీక్వెన్సీలు పంపి, వాటి జవాబులను పోల్చి, ఉప్పు వాటాను తీసేస్తది. సముద్రం కాడ పనికొచ్చేది ఈ రెండోది. పేరున్న కంపెనీలు కూడా రెండు రకాలూ చేస్తయి. మైన్‌ల్యాబ్ వాళ్ల ఎక్స్-టెర్రా ప్రోలో 5, 8, 10, 15 కిలోహెర్ట్జ్ ఉంటయి, ఒక్కోసారి ఒకటే. అదే కంపెనీ ఈక్వినాక్స్, వాంక్విష్ మాత్రం ఒకేసారి పంపే రకం. నోక్టా వాళ్లదైతే సింప్లెక్స్ ప్లస్ 12 కిలోహెర్ట్జ్ ఒక్కటే, లెజెండ్ ఒకేసారి పంపేది. కాబట్టి "ఎన్ని ఫ్రీక్వెన్సీలు?" అని అడిగితే సరిపోదు. "అన్నీ ఒకేసారి నడుస్తయా, నేను ఒకటి ఎంచుకోవాల్నా?" అని అడగండి, జవాబు రాతలో తీసుకోండి.

పల్స్ ఇండక్షన్ అని ఇంకో రకం ఉన్నది, ఉప్పును, నల్ల ఇసుకను అది పెద్దగా లెక్కచేయదు. గ్యారెట్ సీ హంటర్ మార్క్ 2 అట్లాంటిదే, 60 మీటర్ల నీళ్ల లోతు దాకా తట్టుకుంటది. కానీ మేకు, పిన్నీసు, ఉంగరం అన్నింటికీ మోగుతది, మోగిన ప్రతిచోటా తవ్వాలె. కొత్తవాళ్లకు నడుము విరిగే పని.

వాటర్‌ప్రూఫ్ సంగతి నాకు ఆ రోజు సాయంత్రమే తెలిసింది. పిక్కల లోతుకు కూడా పోలేదు, ఒక అల గట్టిగ తగిలి పైన స్క్రీన్, బటన్లు ఉన్న బాక్సు తడిసింది. స్క్రీన్ ఆరిపోయింది, మళ్లీ వెలగలేదు. ఫోన్ చేస్తే "కాయిల్ ఒక్కటే వాటర్‌ప్రూఫ్ సార్, బాక్సు కాదు. నీళ్లు పోతే వారంటీ వర్తించదు" అన్నడు. మంచి యంత్రాల్లో కూడా ఈ తేడా ఉంటది, దాచిపెట్టరు అంతే. వాంక్విష్ కాయిల్ తడవొచ్చు, బాక్సు తడవకూడదు. ఈక్వినాక్స్ 800 మొత్తంగా 3 మీటర్లు, ఈక్వినాక్స్ 900 అయితే 5 మీటర్లు మునగొచ్చు. బాక్సుతో సహా ఎంత లోతు, ఎంతసేపు అన్నది మాన్యువల్‌లో రాసి ఉండాలె. లేకుంటే ఆ యంత్రంతో నీళ్లల్లోకి దిగకండి.

లోతు గురించి ఒక్క మాట. మంచి యంత్రమైనా రూపాయి బిళ్లంత వస్తువును పట్టేది జానెడు, ఇంకొంచెం. ఉంగరానికి మీటరున్నర అన్నరంటే అక్కడే లేచి రండి.

మన దిక్కు డిటెక్టర్ అంటేనే గుప్తనిధులు గుర్తుకొస్తయి కాబట్టి ఇది కూడా చెప్పాలె. 2024లో మన సూర్యాపేట జిల్లా ఫణిగిరి తవ్వకాల్లో ఒకే కుండలో 3,730 సీసపు నాణేలు బయటపడ్డయి. అది పురావస్తు శాఖ వాళ్లు పొర పొర తీసి చేసిన పని. "నీ మిషిన్ ఒక రాత్రి ఇస్తవా?" అని నన్ను అడిగినవాళ్లు ఉన్నరు. ఇయ్యనని చెప్పిన. పానగల్లు గుళ్ల కాడ గానీ, దేవరకొండ ఖిల్లా కాడ గానీ దీన్ని బయటికి తీయకండి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దాగిన సొత్తు 10 రూపాయల విలువ దాటితే కలెక్టర్‌కు చెప్పాల్సిందే. ఇంక రెండు కడ్డీలు, యాంటెన్నా పెట్టి "కిలోమీటరు దూరంలో ఉన్న బంగారం చూపిస్తది, వజ్రం చూపిస్తది" అని లక్షలకు అమ్మేవి పూర్తిగా మోసం. వజ్రం లోహమే కాదు. గోల్ఫ్ బంతులు వెతికే యాంటెన్నా బొమ్మ లాంటిదాన్నే బాంబులు పట్టే పరికరమని ఇరాక్‌కు అమ్మినందుకు జేమ్స్ మెక్‌కార్మిక్ అనే ఆయనకు 2013లో బ్రిటన్ కోర్టు 10 ఏళ్ల జైలు వేసింది.

కొనకముందే నేను చేయాల్సింది, మీరు చేయగలిగింది ఒకటున్నది. కాయిల్ పట్టేంత వెడల్పు ప్లాస్టిక్ టబ్బులో ఇసుక నింపండి. 10 లీటర్ల నీళ్లకు 350 గ్రాముల ఉప్పు కలిపి ఆ ఇసుక బాగా తడిచేదాకా పోయండి. మీద నుంచి కాయిల్ ఆడించండి, ఎత్తి దించండి. తర్వాత ఒక ఉంగరం పాతి మళ్లీ ఆడించండి. ఉంగరం పాతకముందే ఉప్పు ఇసుకకే కూస్తుంటే, లేదా పాతినంక కూడా మోగకుంటే అది సముద్రానికి పనికిరాదు. టబ్బు దగ్గర గమ్మున ఉన్నంత మాత్రాన అంత పెద్ద తీరంలో కూడా ఉంటదని కాదు గానీ, నాసి రకం ఇక్కడే దొరికిపోతది. దుకాణంలో ఈ పరీక్షకు ఒప్పుకోకుంటే కొనకండి. ఆన్‌లైన్‌లో అయితే డబ్బా విప్పేటప్పటి నుంచి వీడియో తీస్తూ, వాపస్ గడువు లోపలే ఇది చేయండి. నేను సంక్రాంతి దాకా ఆగిన, గడువు దాటిపోయింది.

చేతిలో ఇప్పటికే ఒకే ఫ్రీక్వెన్సీ యంత్రం ఉంటే పారేయకండి, పొడి ఇసుకకు చాలు. జనం బట్టలు పెట్టుకొని కూర్చునేది అక్కడే, వస్తువులూ అక్కడే పోతయి. తడి ఇసుక మీద తప్పదంటే సెన్సిటివిటీ తగ్గించి, కాయిల్ ఒకే ఎత్తున ఉంచి, నీటి అంచుకు సమాంతరంగా నడవండి. అట్ల నడిస్తే కాళ్ల కింద తడి ఒకే తీరుగ ఉంటది, కూతలు కొంత తగ్గుతయి. ఇంటికి రాంగనే కాయిల్‌ను మంచినీళ్లతో కడగండి. నడుము లోతు దాటి మాత్రం పోవద్దు, అలలు లోపలికి గుంజుతయి, ఉంగరం కోసం మనిషిని పోగొట్టుకునే పని పెట్టుకోకండి.

నేను 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు రాయించిన. "సముద్రం కాడ పనిచేస్తది" అన్నది ఫోన్‌లోనే అన్నడు కాబట్టి నా దగ్గర రుజువు లేదు. ప్రకటనలో "వాటర్‌ప్రూఫ్" అన్న పేజీని మాత్రం ఫొటో తీసి పెట్టుకున్న, ఇప్పుడు దాని మీదనే నడుస్తున్నది. అక్కడ తేలకుంటే నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోతా. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. ఏం తేలినా రాస్తా.

"బాగుచేయించి ఎవరికన్నా అమ్ముకో" అని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చిండ్రు. బ్యాటరీ తీసి అటక మీద పెట్టిన. అమ్మను.