కాచిగూడలో దిగితే స్టేషన్ కూడా చూసి వెళ్లండి

హైదరాబాదులో పాత రైల్వే ఎలా ఉండేదో చూడాలనుకునేవాళ్లు సికింద్రాబాదు దాకా పోకుండా కాచిగూడలోనే దిగండి. మా గద్వాల వాళ్లం ఏళ్ల తరబడి అక్కడే దిగుతున్నాం. కానీ దిగగానే సంచులు పట్టుకుని ఆటోల వైపు నడవడమే తప్ప, తలెత్తి ఆ బిల్డింగును చూసింది తక్కువ. ఈసారి మా నాన్నను వెంటబెట్టుకుని దానికోసమే వెళ్లాను. ఆయన రైల్వేలో పాయింట్స్‌మన్‌గా, అంటే బండ్లకు పట్టాలు మార్చే ఉద్యోగిగా చేరి, సర్వీసులో ఎక్కువ భాగం మీటర్ గేజ్ (తక్కువ వెడల్పు పట్టాల) లైన్ల మీదే చేసి రిటైరయ్యారు.

ప్లాట్‌ఫారం మీద నిలబడితే ఏమీ తెలియదు. బయటికొచ్చి, ఆటోల రద్దీ దాటి, కాస్త దూరం నుంచి చూడాలి. మధ్యలో పెద్ద గుమ్మటం, అటూ ఇటూ చిన్న గుమ్మటాలు, పక్కన మినార్లు. గోథిక్ శైలి అంటారు గానీ మన కంటికి సగం కోటలా, సగం దర్గాలా కనిపిస్తుంది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో 1916లో కట్టారు. నిజాం రైల్వేకు ఇదే హెడ్డాఫీసుగా ఉండేది. పరదా పాటించే ఆడవాళ్లు రైలెక్కడానికి అప్పట్లో ఇక్కడ వేరే ఏర్పాటు కూడా చేశారు. సికింద్రాబాదు నుంచి మా గద్వాలకు లైను పడింది కూడా ఆ 1916లోనే. ఆ మాట చెప్పగానే నాన్న ముఖం వెలిగిపోయింది.

స్టేషన్లోనే నిజాం రైల్వే చరిత్ర మీద చిన్న మ్యూజియం పెట్టారు. పెద్ద మ్యూజియం అనుకుని వెళ్తే నిరాశ పడతారు. నా దృష్టిలో అసలు మ్యూజియం ఆ బిల్డింగే. అయినా చూడండి, కాకపోతే కథ కాస్త తెలుసుకుని వెళ్తే రెట్టింపు బాగుంటుంది. బొంబాయి-మద్రాసు లైను నిజాం రాజ్యం అంచున వాడి అనే ఊరి మీదుగా పోయేది. దానికి రాజధానిని కలపడానికి వాడి నుంచి సికింద్రాబాదుకు వేసిన లైను 1874లో మొదలైంది, ఖర్చు నిజాందే. తర్వాత 1883లో లండన్‌లో కంపెనీ పెట్టి రైల్వేను దానికి అప్పగించారు. కంపెనీ పెట్టుబడికి 20 ఏళ్ల పాటు ఏటా 5 శాతం రాబడి వచ్చేలా నిజాం ప్రభుత్వం హామీ పడింది. అంటే రైలు నడిచినా నడవకపోయినా కంపెనీ వాళ్లకు టెన్షన్ లేదు, రాబడి ఎంత తగ్గితే అంత నిజాం ఖజానా కట్టాలి. 1889కి లైను బెజవాడ చేరింది. చివరికి 1930లో ప్రభుత్వమే రైల్వేను కొనేసింది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మన ఆర్టీసీ పుట్టింది ఈ రైల్వే కడుపులోనే. 1932లో నిజాం రైల్వే రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైంది.

నాన్న మాత్రం వీటన్నిటికంటే టోకెన్ గురించే ఎక్కువ చెప్పారు. సింగిల్ లైను మీద రెండు స్టేషన్ల మధ్య ఒకేసారి రెండు బండ్లు ఎదురుపడకూడదు కదా. అందుకని రెండు స్టేషన్లలోనూ జత మెషిన్లు ఉండేవి. అవతలి స్టేషన్ మాస్టర్ ఒప్పుకుంటే తప్ప ఇవతలి మెషిన్ నుంచి టోకెన్, అంటే ఒక ఉక్కు గుండు, బయటికి రాదు. ఆ గుండును తోలు సంచిలో వేసి, సంచికి ఉన్న పెద్ద రింగును డ్రైవర్‌కు అందించాలి. ఆగని బండి అయితే పరిగెడుతుండగానే చేయి చాపి అందుకుంటారు. "రాత్రి వాన పడేటప్పుడు ఒక చేతిలో లాంతరు, ఒక చేతిలో రింగు. భుజం ఊడొస్తదేమో అనిపించేది రా" అన్నారు, భుజం తడుముకుంటూ. పక్కన నిలబడి వింటున్న కాలేజీ పిల్లలు కూడా ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. ఇంట్లో పాత రైల్వే ఉద్యోగి ఎవరైనా ఉంటే తప్పకుండా తీసుకెళ్లండి, వాళ్లు చెప్పేది ఏ బోర్డు మీదా ఉండదు.

బస సంగతి. పెద్దవాళ్లతో వెళ్తే స్టేషన్లోని రిటైరింగ్ రూముకే మొదట ప్రయత్నించండి, కన్ఫర్మ్ టికెట్ పీఎన్నార్‌తో ఆన్‌లైన్లో బుక్ చేసుకోవచ్చు. మాకు దొరకలేదు. దగ్గర్లో ఒక లాడ్జిలో దిగాం. ఫోన్లో లిఫ్టు ఉందన్నారు, వెళ్లాక చూస్తే రిపేరులో ఉంది. నాన్న మోకాళ్లతో మూడో అంతస్తు ఎక్కాల్సొచ్చింది. గది శుభ్రంగానే ఉంది, పొద్దున వేడినీళ్లు అడగకుండానే తెచ్చిచ్చారు. కానీ వయసు మళ్లినవాళ్లుంటే కింది అంతస్తు గది అని ముందే గట్టిగా చెప్పి, డబ్బు తర్వాత కట్టండి. తిండికి ఇబ్బంది లేదు, ఇరానీ చాయ్, టిఫిన్ అన్నీ నడక దూరంలోనే.

అక్కడి నుంచి సికింద్రాబాదుకు ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కాం. ఆటో బేరం కంటే ఇదే హాయి, టికెట్టూ చాలా చౌక. అయితే సికింద్రాబాదులో మనకు తెలిసిన ఆ పాత ముఖద్వారం ఇప్పుడు లేదు, కొత్త స్టేషన్ కోసం 2025లో కూల్చేశారు. జనం పెరిగారు, ప్లాట్‌ఫారాలు చాలవు, కొత్తది కావాలి, కాదనను. కానీ ఆ కమాను ఒక్కటైనా మిగిల్చి చుట్టూ కట్టుకుని ఉంటే ఎంత బాగుండేది! కాచిగూడలో రోజూ వేలమంది ఎక్కుతూ దిగుతూనే ఉన్నారు, పాత బిల్డింగు దేనికీ అడ్డం రాలేదు కదా.

1907 నాటి నాంపల్లి స్టేషన్‌కు కూడా వెళ్లాం గానీ, సమయం తక్కువుంటే అది వదిలేసినా పరవాలేదు. కాచిగూడకు మాత్రం పొద్దున్నే వెళ్లండి. ఎండ ఎక్కకముందు, ఆటోలు నిండకముందు, ముందు భాగం మొత్తం అడ్డం లేకుండా కనిపిస్తుంది. లోపలికి ప్లాట్‌ఫారం టికెట్ మర్చిపోకండి.