తొలి పాట సొంతంగా వదలాలా, లేబుల్ (పాటల కంపెనీ) పిలిచేదాకా ఆగాలా?

సోల్ (అమెరికా నల్లజాతివాళ్ళ నుంచి వచ్చిన, భావం నిండిన పాట తీరు) పలికే గొంతు, ఆఫ్రోబీట్స్ (పశ్చిమాఫ్రికా పాప్) దరువు, చేతిలో ఒకే ఒక్క పాట. కొత్త గాయనికి ఏ దారి మేలు? నైజీరియాలోని లాగోస్ నుంచే రెండు జవాబులున్నాయి: ఒకటి గాయని టెమ్స్, రెండోది గాయని ఐరా స్టార్.

టెమ్స్ 2018లో డిజిటల్ మార్కెటింగ్ ఉద్యోగం మానేసింది. తనకి కావాల్సిన సౌండ్ ఇచ్చే ప్రొడ్యూసర్ (పాటకి సంగీతం కూర్చేవాళ్ళు) దొరక్కపోయేసరికి, యూట్యూబ్ చూసి ట్రాక్ కట్టడం తనే నేర్చుకుంది. అదే ఏడాది ‘మిస్టర్ రెబెల్’ వచ్చింది. రాసిందీ, పాడిందీ, ప్రొడ్యూస్ చేసిందీ ఆమే. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి: దరువు ఎక్కడా తొందరపెట్టదు, ఆ బరువైన గొంతు మాత్రం మన చెవి పక్కనే కూర్చుని పాడుతున్నట్టుంటుంది. వేరేవాళ్ళ చేతిలో పడితే, డ్యాన్స్‌కి పనికిరాదని బీట్ పెంచేసేవాళ్ళేమో! కానీ ఫలితం ఆలస్యంగా వచ్చింది. నైజీరియా స్టార్ విజ్‌కిడ్‌తో పాడిన ‘ఎసెన్స్’ 2021లో అమెరికా హిట్ పాటల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100 టాప్ 10లోకి ఎక్కాకే అమెరికా ఆమె వైపు తిరిగింది. అంటే మూడేళ్ళు. అన్నాళ్ళూ ఇంటి అద్దె ఎవరు కడతారు?

ఐరా స్టార్‌కి ఆ బెంగ తక్కువ. ఇన్‌స్టాగ్రామ్‌లో వేరేవాళ్ళ పాటలు పాడుతూ, 2019 చివర్లో సొంత పాట ఒకటి పెట్టింది. అది మావిన్ రికార్డ్స్ అనే లేబుల్ అధినేత డాన్ జాజీ కంట పడింది. వాళ్ళు కంగారుపడి పాట వదల్లేదు. ఏడాది పాటు సానబెట్టి, 2021 జనవరిలో ఏకంగా ఐదు పాటల ఈపీ (చిన్న ఆల్బమ్) తెచ్చారు. ‘అవే’ అందులోదే. అప్పటికి ఆమెకి 18 ఏళ్ళు. ప్రచారం టెన్షన్ లేబుల్‌ది. 2022లో వచ్చిన ‘రష్’తో ఆమె పేరు నైజీరియా దాటింది.

వేగమే కొలతైతే లేబులే. అయినా నా ఓటు టెమ్స్ దారికే, అదీ సోల్ గొంతు ఉన్నవాళ్ళకి మాత్రమే. ఈ తరహా పాటకి ఖాళీ, అంటే గొంతు చుట్టూ వాద్యాలు తగ్గి ఉండడం, ముఖ్యం. ఆ ఖాళీని ఎంత ఉంచాలో పాడేవాళ్ళకే తెలుస్తుంది. పక్కా ఆఫ్రోబీట్స్ డ్యాన్స్ నంబరైతే మాత్రం మంచి ప్రొడ్యూసర్, గట్టి ప్రచారం లేకుండా దిగొద్దు.

లేబుల్‌తోనే వెళ్తే, సంతకానికి ముందు ఒక్కటి అడగండి: మాస్టర్ హక్కులు (అసలు రికార్డింగ్ మీద హక్కులు) ఎవరివి, ఎన్నేళ్ళు? యూట్యూబ్ ఛానెల్‌కి జానపదం పాడిచ్చే మనవాళ్ళు కూడా అడగాల్సిన ప్రశ్నే ఇది.