ఆరు బెర్తులంటే ఆరుగురికి సీట్లని కాదట! క్యాంపర్ వ్యాన్ అద్దెకు తీసుకునేవాళ్లు జాగ్రత్త

అద్దెకు తీసుకున్న క్యాంపర్ వ్యాన్ (పడకలూ వంటా లోపలే ఉండే బండి) తాలూకు డిపాజిట్లో సగం కోసుకుని మిగతాది వేశామని ఇప్పుడే మెసేజ్ వచ్చింది. ఒళ్లు మండిపోతోంది. చల్లబడ్డాక రాద్దామంటే అప్పుడు రాయబుద్ధి కాదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

ఇలాంటి వ్యాన్లు అద్దెకు దొరికే ఆ యాప్ సంగతి మీకు తెలిసిందే. అందులో వ్యాన్లు పెట్టే ఆ ఏజెన్సీ కూడా తెలుసు. మంట చుట్టూ కూర్చుని పళ్లికిలిస్తున్న కుటుంబం ఫొటో ప్రతి పేజీలోనూ పెడతారే, వాళ్లే. పేరు రాయను. విదేశం నుంచి వచ్చిన మామయ్య, అత్తయ్య, మరదలు, ఆమె ఆరేళ్ల కొడుకు, మేమిద్దరం. మొత్తం ఆరుగురం, తొమ్మిది రోజులు. "6 బెర్తులు" అని ఉన్న వ్యాన్ చూసి డబ్బంతా ముందే కట్టాం. ఉపోద్ఘాతం ఇంతే.

వ్యాన్ తీసుకునే రోజు. సంతకాలయ్యాయి, కార్డు గీకడం అయింది. పిల్లాడు అప్పటికే డ్రైవరు నెత్తిమీది బంకు (పైపడక) ఎక్కి గెంతుతున్నాడు. తాళం చేతిలో పెట్టబోతూ కౌంటరు మనిషి తలెత్తి "మొత్తం ఎంతమంది సార్?" అన్నాడు. ఆరుగురం అన్నాం. "బెల్టులు నాలుగే సార్" అన్నాడు, టైమెంతయిందో చెప్పినంత తేలిగ్గా. పేజీలో ఆరని ఉంది కదా అంటే, స్క్రీను మా వైపు తిప్పి, ఆ మాట మీద గోటితో టకటకా కొట్టి చూపించాడు: "ఆరుగురు పడుకోవచ్చని రాశాం సార్. ఆరుగురు ప్రయాణం చేయొచ్చని ఎక్కడ రాశాం?"

పక్క కుర్చీలో అమ్మాయి కంప్యూటర్ వెనక మొహం దాచుకుని నవ్వాపుకుంటోంది. అంటే వాళ్లకిది రోజూ ఉండే తంతే అన్నమాట.

మరి మిగతా ఇద్దరూ ఎలా రావాలయ్యా అంటే, "కారు ఇస్తాం సార్, ఇవాళ్టి రేటుకి." రద్దు చేస్తే? "48 గంటల్లోపు కాబట్టి ఏమీ రాదు సార్." గొంతు కోస్తూ కూడా ప్రతి కోతకీ ఒక సార్. వెనక నుంచి అత్తయ్య "పోనీలే నాయనా, నేనూ మీ మామయ్యా బస్సులో వచ్చేస్తాంలే" అంది చూడండి, అక్కడ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అంత దూరం నుంచి వచ్చినవాళ్లు, మనతో కలిసి తిరుగుదామని వచ్చినవాళ్లు. కారు తీసుకున్నాం. ఇంకేం చేస్తాం? తొమ్మిది రోజులూ ఆరుగురం రెండు బళ్లలో, డీజిలు రెండింటికి, డ్రైవరు డ్యూటీ ఇద్దరికి.

వాడిని తిట్టడం ఒకెత్తు, నన్ను నేను తిట్టుకోవడం ఇంకోఎత్తు. టెంటు మీద 4 అని ఉంటే ఇద్దరికీ వాళ్ల సామానుకీ సరిపోతుందని పదిమందికి పాఠం చెప్పే మనిషిని నేను. వ్యాన్ దగ్గరికొచ్చేసరికి చెవిలో పువ్వులు పెట్టుకున్నాను.

సరే, ఈ లెక్క ఎక్కడ తేడా కొడుతుందో చెబుతా. బెర్తు అంటే రాత్రి పరుపు. వ్యాన్ ఆగాక బల్ల కిందికి దించి, దానిమీద కుషన్లు పరిస్తే అదొక డబుల్ బెడ్, అక్కడ రెండు బెర్తులు. డ్రైవరు నెత్తిమీది బంకు ఇంకో రెండు. వెనక మంచం ఇంకో రెండు. కానీ ప్రయాణంలో మనిషి కూర్చోవాలంటే బండి ఫ్రేముకి బోల్టు వేసి బిగించిన సీటూ దానికి బెల్టూ కావాలి. మాకిచ్చిన దాంట్లో ముందు రెండు, బల్ల దగ్గర ముందుకి చూసే సీట్లు రెండు, అంతే. బల్లకి అవతల గోడ పొడుగునా ఉన్న బెంచీ ఫొటోలో సోఫాలా బ్రహ్మాండంగా ఉంటుంది. దానికి బెల్టు లేదు. కొన్ని వ్యాన్లలో నడుము బెల్టు ఒక్కటే ఉంటుంది, అది చాలా రకాల పిల్లల సీట్లు కట్టడానికి పనికిరాదు. వాటికి మూడు చోట్ల పట్టే బెల్టు గానీ ఐసోఫిక్స్ (పిల్లల సీటుని నేరుగా బండికే తగిలించే) కొక్కేలు గానీ ఉండాలి, సీటు పక్కకి తిరిగి ఉండకూడదు. బెల్టు లేనిచోట మనిషిని ఎక్కించి బండికి ఏమైనా అయితే, జరిమానా సంగతి అటుంచండి, బీమా వాళ్లు క్లెయిము తోసిపుచ్చడానికి అదే సాకు చాలు.

బరువు సంగతి ఇంకా ఘోరం. అది కౌంటర్లో వాడు చెప్పనే లేదు, నేను డోరు స్తంభం మీది ప్లేటు చూసి తెలుసుకున్నా. ఇలాంటి వ్యాన్లు చాలావాటికి మొత్తం బరువు పరిమితి 3,500 కిలోలు. అంతకు మించితే చాలా దేశాల్లో మామూలు కారు లైసెన్సు చెల్లదు, అందుకని అక్కడికే కుదిస్తారు. మాది కాగితం ప్రకారం ఖాళీగా, డీజిలుతో కలిపి 2,950. మిగిలింది 550. ఐదుగురు పెద్దవాళ్లు 70 చొప్పున 350, పిల్లాడు 20, అంటే 370. ఇక 180 ఉంది. విమానం దిగిన చుట్టాలకు తలా రెండు 23 కిలోల సూట్‌కేసులు, నలుగురికి ఎనిమిది, 184. అయిపోయింది! ఇంకా మంచినీళ్ల ట్యాంకులో చుక్క పోయలేదు. 100 లీటర్లు నింపితే 100 కిలోలు. పరుపులు, మడత కుర్చీలు, బల్ల, గిన్నెలు, గ్యాసు బండ కలిపితే ఇంకో 60 ఎక్కడికీ పోదు. అంటే వాడు చెప్పిన ఆరుగురు అందులో ఎక్కగలిగినా ఆ బండి 164 కిలోల ఓవర్‌లోడ్. ఆ బరువంతా వెనక డిక్కీలో పడితే ముందు చక్రాలు తేలికై స్టీరింగు గాల్లో తిప్పినట్టుంటుంది, వెనక టైర్లు వేడెక్కి పగిలేదీ అందుకే. ఓ రకంగా ఆ రెండో కారే మమ్మల్ని కాపాడింది, సూట్‌కేసులు అందులోకి పోయాయి కాబట్టి. ఈ మాట ఆ కౌంటరు మనిషికి మాత్రం చెప్పకండి, దానికీ బిల్లు వేస్తాడు.

టైర్లంటే గుర్తొచ్చింది. అరుగుదల చూసి మోసపోకండి, ఈ వ్యాన్లు ఏడాదిలో సగం రోజులు నిలబడే ఉంటాయి, అరగకుండానే ముసలివైపోతాయి. టైరు పక్కగోడ మీద డాట్ (DOT) అని ఉన్న వరుస చివర నాలుగంకెలు చూడండి. 3217 అని ఉంటే 2017లో 32వ వారం తయారైందని. పక్కగోడలో సన్నటి పగుళ్లు కనిపిస్తే బండి మార్చమనండి.

రెండో దెబ్బ బ్యాటరీ. మామయ్య రాత్రిళ్లు సీప్యాప్ మిషను (నిద్రలో ఊపిరి ఆగకుండా మాస్కులోంచి గాలి ఊదేది) పెట్టుకుని పడుకుంటాడు. బుక్ చేసేటప్పుడే అడిగితే "ఫుల్ బ్యాటరీ సార్, ఏ ప్రాబ్లమూ ఉండదు" అన్నారు. తీసుకునేటప్పుడు మీటరు 13.4 వోల్టులు చూపించింది, మురిసిపోయాం. అది అప్పటిదాకా చార్జింగులో పెట్టి ఉంచిన బ్యాటరీ, ఆ నంబరుకి విలువ లేదు. సీసం బ్యాటరీ అయితే, చార్జింగు తీసేసి కాసేపు ఊరుకున్నాక 12.7 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 దగ్గర సగం, 12.0 కి వచ్చిందంటే దాదాపు అయిపోయినట్టే. లోపలి బ్యాటరీ 100 ఆంపియర్ అవర్ల (బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే కొలత) సీసం బ్యాటరీ అయితే, అది పాడవకుండా వాడుకోగలిగేది సగమే. అంటే 50, సుమారు 600 వాట్ అవర్లు. ఫ్రిజ్ ఒక్కటే రోజుకి 30 నుంచి 40 ఆంపియర్ అవర్లు తాగేస్తుంది. సీప్యాప్ 30 వాట్లు అనుకున్నా ఎనిమిది గంటలకు 240 వాట్ అవర్లు, అంటే ఇంకో 20 ఆంపియర్ అవర్లు. నీళ్లు వేడిచేసే హ్యూమిడిఫయర్ ఆన్ చేస్తే దానికి రెట్టింపు. కొత్త బ్యాటరీకే ఈ లెక్క బొటాబొటీ. మాకిచ్చింది ముసలి బ్యాటరీ. రెండో రాత్రి మూడింటికి మిషను ఆగిపోయి మామయ్య లేచి కూర్చున్నాడు, మిగతా రాత్రంతా కారులో సీటు వాల్చుకుని నిద్రపోకుండా గడిపాడు.

ఫోను చేస్తే ఏమన్నారంటే, "మీరు ఇన్వర్టరు మీద కెటిల్ పెట్టుంటారు సార్." పెట్టలేదు నాయనా! 1,500 వాట్ల కెటిల్ పెడితే 12 వోల్టుల బ్యాటరీ నుంచి 125 ఆంపియర్లు లాగుతుందని నీకంటే నాకే బాగా తెలుసు. ఆ మర్నాటి నుంచి కరెంటు పాయింటు ఉన్న క్యాంపుల్లోనే బస, అంటే ముందే డబ్బు కట్టిన రెండు చోట్లు వదులుకున్నాం. డిపాజిట్ కోతలో "బ్యాటరీ దుర్వినియోగం" అని ఒక పద్దు చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అత్తయ్య ఇన్సులిన్ మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా గడిచింది, అది మా జాగ్రత్తే. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డ కడితే పారేయడమే. ఈ చిన్న ఫ్రిజ్‌లలో వెనక రేకుకి ఆనించి పెడితే రాత్రికి గడ్డకడుతుంది, అందుకని డబ్బాలో పెట్టి తలుపు వైపు ఉంచాం. వాడుతున్న పెన్ను బయటే ఉండొచ్చు, ఎండ తగలకుండా. గ్యాసుతో కూడా నడిచే రకం ఫ్రిజ్ అయితే బండి చదునుగా నిలబడకపోతే సరిగ్గా చల్లబడదు, వాలులో ఆపి ఫ్రిజ్ పాడైందని వాళ్లతో గొడవ పెట్టుకోకండి.

ఇక చివరి ఘట్టం, తిరిగి ఇచ్చేటప్పుడు. కడిగి, తుడిచి, టాయిలెట్ క్యాసెట్ (టాయిలెట్ కింద మలం చేరే డబ్బా), మురికినీళ్ల ట్యాంకు ఖాళీ చేసి, డీజిలు నింపి ఇచ్చాం. వాడు నిచ్చెన తెచ్చాడు. అవునండీ, నిచ్చెన! తీసుకునేటప్పుడు ఆ నిచ్చెన ఎక్కడుందో మరి. పైకెక్కి ఫోనులో ఫొటో తీసి "పైకప్పు మీద గీత ఉంది సార్" అన్నాడు. దుమ్ము కిందున్న గీత! మేం వెళ్లిన తొమ్మిది రోజుల్లో పడిన దుమ్ము కాదది, కనీసం ఒక వానాకాలం చూసిన దుమ్ము. తీసుకునేటప్పుడు సంతకం పెట్టిన కాగితం తీసి చూపించబోయాను. అందులో బండి బొమ్మ నాలుగు వైపుల నుంచీ ఉంది, ముందు, వెనక, కుడి, ఎడమ. పైకప్పు బొమ్మే లేదు. లేని బొమ్మ మీద ఉన్న గీతని ఎలా గుర్తిస్తాం? అదనంగా డబ్బు కట్టి తీసుకున్న పూర్తి కవరేజీలో పైకప్పూ, బండి అడుగుభాగమూ రావని చిన్నక్షరాల్లో ఉంది. చాలా ఏజెన్సీల కాగితాల్లో ఇదే ఉంటుంది. వ్యాన్ ఎత్తు మూడు మీటర్ల దాకా ఉంటుంది, చెట్టుకొమ్మలకీ గేట్లకీ తగిలేది పైకప్పే, అందుకే అదే తీసేస్తారు. పూర్తి కవరేజీ అన్న మాటకి అర్థం అంత.

కొత్తగా తీసుకునేవాళ్లకి గబగబా నాలుగు ముక్కలు. బెర్తులు ఎన్ని కాదు, మూడు చోట్ల పట్టే బెల్టులు ఎన్ని అని రాతపూర్వకంగా అడగండి. చుట్టాల సూట్‌కేసులు ఇంట్లో వదిలి మెత్తని సంచుల్లో సర్దుకోమనండి, గట్టి సూట్‌కేసులు వ్యాన్ అరల్లో పట్టవు కూడా. చుట్టాల్లో ఎవరైనా నడుపుతామంటే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ వాళ్ల దేశంలోనే, బయల్దేరకముందే తీసుకోవాలి. దేశాల మధ్య కుదిరిన 1949 రోడ్డు రవాణా ఒప్పందం కింద ఇచ్చేది ఏడాదే చెల్లుతుంది, 1968 ఒప్పందం కింద ఇచ్చేదానికి మూడేళ్ల దాకా గడువుంటుంది, మీరు తిరిగే చోట ఏది ఒప్పుకుంటారో చూసుకోండి. అసలు లైసెన్సు పక్కన లేకపోతే పర్మిట్ ఒక్కటే చిత్తుకాగితం. వాళ్ల పేరు అద్దె కాగితంలో ఎక్కించకపోతే బీమా వర్తించదు. డిపాజిట్ వాళ్ల విదేశీ కార్డు మీద పెట్టనివ్వకండి, కట్టిన రోజు మారకం రేటు వేరు, తిరిగొచ్చే రోజుది వేరు, ఆ తేడా పోయినట్టే. రాత్రి చలిగా ఉందని స్టవ్ వెలిగించి తలుపులు మూసుకోకండి. కార్బన్ మోనాక్సైడ్ (మూసిన చోట మంట వల్ల చేరే విషవాయువు) అలారం బటన్ ముందే నొక్కి చూడండి, మాదాంట్లో బ్యాటరీయే లేదు.

డిపాజిట్ కోత మీద నేను బ్యాంకులో వివాదం పెడుతున్నా. అద్దె ఒప్పందం, తీసుకున్నప్పటి కాగితం, తేదీ పడిన ఫొటోలు అడిగారు. పైకప్పు ఫొటో తప్ప అన్నీ ఉన్నాయి. సెల్ఫీ స్టిక్కుకి ఫోను తగిలించి పైకెత్తి బండి చుట్టూ ఒక్క రౌండు వీడియో తీస్తే అయిపోయేది, రెండు నిమిషాల పని. ఆ స్టిక్కు ఆ రోజంతా పిల్లాడి చేతిలోనే ఉంది.