నైనితాల్ వెళితే తెరచాప పడవ ఎక్కి రండి

ఉత్తరాఖండ్ కొండల్లోని నైనితాల్ వెళ్లొచ్చిన మనవాళ్లని ఎవరిని అడిగినా రోప్‌వే గురించి, జూ గురించి, మాల్ రోడ్‌లో కొన్న కొవ్వొత్తుల గురించి చెబుతారు. సరస్సు మీద తెల్లటి తెరచాపలతో తిరిగే యాట్‌ల మాట మాత్రం ఎత్తరు. ఫొటోలో వెనకాల కనిపిస్తాయి, అంతే. నన్ను అడిగితే ఆ ఊరు వెళ్లాల్సింది వాటి కోసమే.

సరస్సు పెద్దదేం కాదు. పొడవు కిలోమీటరున్నర లోపే, వెడల్పు అర కిలోమీటరు కూడా ఉండదు. కానీ ఉన్నది 1,900 మీటర్ల పైచిలుకు ఎత్తులో, చుట్టూ నిటారు కొండల మధ్య. షాజహాన్‌పూర్‌లో చక్కెర వ్యాపారం చేసే బారన్ అనే ఇంగ్లిష్ దొర 1841లో దీన్ని చూశాడు. మరుసటి ఏడాది కొండల మీదుగా ఒక పడవని మోయించుకొచ్చాడు. ఈ నేల మాది అని నిలబడ్డ నర్‌సింగ్ అనే స్థానిక పెద్దమనిషిని అందులో ఎక్కించుకుని, నడి సరస్సులోకి తీసుకెళ్లి, హక్కు వదులుకుంటున్నట్టు రాసివ్వకపోతే అక్కడే దించేస్తానని బెదిరించి సంతకం పెట్టించుకున్నాడు. ఈ నీళ్ల మీద పడవల కథ అలాంటి దౌర్జన్యంతో మొదలైంది. ఆ సంగతి తెలుసుకుని ఎక్కడమే న్యాయం.

తర్వాత ఊరు ఆ ప్రాంత పాలకులకు వేసవి రాజధాని అయింది. 1880 సెప్టెంబర్ 18న, ఎడతెగని వానల తర్వాత కొండచరియ విరిగిపడి 151 మంది చనిపోయారు. అందులో 108 మంది మనవాళ్లే. నైనాదేవి గుడి, ఒక పెద్ద హోటల్, పక్కనున్న భవనాలు మట్టిలో కలిసిపోయాయి. ఆ మట్టే సరస్సు అంచుని కొంత పూడ్చేసింది. ఈరోజు పిల్లలు క్రికెట్ ఆడుకుంటున్న ఫ్లాట్స్ మైదానం అదే. దాని పక్కనే, నీటి ఒడ్డున, 1890లో బోట్ హౌస్ క్లబ్ వచ్చింది. 1910లో యాట్ క్లబ్ పుట్టింది.

ఈ యాట్ క్లబ్ చేసిన గొప్ప పని ఒకటుంది. సముద్రానికి పనికొచ్చే పడవలని తెచ్చి ఇక్కడ పడేయలేదు. లింటన్ హోప్ అనే డిజైనర్ గీసిన హాఫ్ రేటర్ అనే చిన్న తరహా పందెపు తెరచాప పడవలని ఎంచుకుంది. ఆయన 1900 పారిస్ ఒలింపిక్స్‌లో సెయిలింగ్‌లో స్వర్ణం గెలిచిన మనిషి. ఆ తరహా పడవలే ఇప్పటికీ ఇక్కడ తిరుగుతున్నాయి. మన హుస్సేన్ సాగర్‌లో జులై నెలలో సెయిలింగ్ పోటీలు జరుగుతాయి కదా, అక్కడ రుతుపవనాల గాలి చాలావరకు ఒకే వైపు నుంచి వస్తుంది. నైనితాల్‌లో అలా కుదరదు. గాలి ఒక కొండకి కొట్టుకుని ఇంకో వైపు మళ్లుతుంది. ఎడమ నుంచి వస్తోంది అనుకునేలోపు కుడి నుంచి తగులుతుంది.

పడవ ఎక్కితేనే ఇది అర్థమవుతుంది. మా పడవ నడిపినాయన చూపంతా తెరచాప మీద కాకుండా నీళ్ల మీదే ఉంది. దూరంగా నీళ్లు ఒక్కచోట నల్లబడి, ఆ మచ్చ మా వైపు జరిగి వస్తోంది. గాలి అక్కడ ఉందన్నమాట. అది మమ్మల్ని చేరే ముందే ఆయన తాడు సడలించి, చుక్కాని తోసి, "సిర్ నీచే, మాతాజీ!" అని, తల దించమని మా అత్తయ్యగారిని హెచ్చరించాడు. తెరచాప అడుగు కర్ర తలల మీదుగా అవతలికి వెళ్లిపోయింది. పడవ పక్కకి ఒరిగి ఒక్కసారిగా వేగం అందుకుంది. మోటార్ లేదు, తెడ్డు లేదు. అత్తయ్యగారు మొదట టెన్షన్ పడ్డారు కానీ, దిగాక ఇంకో రౌండ్ వేద్దామా అన్నది ఆవిడే.

ఎక్కే చోటు సరస్సు ఎగువ చివరనున్న మల్లీతాల్ వైపు, బోట్ హౌస్ క్లబ్ దగ్గర. మామూలు తెడ్డు పడవ కంటే ఖర్చు ఎక్కువే, పెట్టొచ్చు. రేటు, ఎంతసేపు తిప్పుతారు అన్నవి రెండూ ఎక్కకముందే తేల్చుకోండి. లైఫ్ జాకెట్ బకిల్స్ మీరే లాగి చూసుకోండి. మాకిచ్చిన వాటిలో ఒకటి పట్టలేదు, అడగ్గానే మార్చారు. గాలి పడిపోయిందని వాళ్లు వద్దంటే బతిమాలకండి. గాలి లేనప్పుడు యాట్ కదలదు. క్లబ్ లోపలి గదులు సభ్యులవి, మనకి బయటి నుంచి చూసే భాగ్యమే.

బస విషయానికొస్తే, మల్లీతాల్‌లో దిగండి. ఫ్లాట్స్, గుడి, పడవలు, టిబెటన్ల మార్కెట్ అన్నీ నడిచి వెళ్లేంత దూరం. సరస్సు దిగువ చివరనున్న తల్లీతాల్ అయితే బస్‌స్టాండ్‌కి దగ్గర, అద్దెలు కాస్త తక్కువ, హారన్ల మోత ఎక్కువ. మేం ముందు దిగిన హోటల్‌లో "లేక్ వ్యూ" గదికి అదనంగా కట్టించుకున్నారు. కిటికీలోంచి కనిపించింది పక్క బిల్డింగ్ వాటర్ ట్యాంకులు. గది చూశాకే డబ్బులు కట్టండి, పైకి ఎన్ని మెట్లు ఎక్కాలో కూడా అడగండి. పెద్దవాళ్లుంటే అది చాలా ముఖ్యం. మే, జూన్‌లలో కారులో వెళ్తే ఊరి బయటే ఆపి షటిల్ ఎక్కిస్తారు. కాఠ్‌గోదాం దాకా రైల్లో వచ్చి, అక్కడినుంచి షేర్ ట్యాక్సీ పట్టడం హాయి.

తిండికి ఇబ్బంది లేదు. రాజ్మా చావల్ ఎక్కడైనా బాగుంటుంది. ఇడ్లీ దోశల జోలికి పోకండి.

మనసుకి కష్టంగా అనిపించింది సరస్సు పరిస్థితే. ఊరు తాగే నీళ్లకి ఆధారం ఇదే. 2017 వేసవిలో నీటిమట్టం బాగా పడిపోయి అంచుల్లో బురద బయటపడింది. నీళ్లలో ప్రాణవాయువు తగ్గిపోతోందని 2007 నుంచి అడుగుకి గాలి పంపిస్తున్నారు. 2018లో లోయర్ మాల్ రోడ్ కొంత ముక్క విరిగి సరస్సులో పడింది. ఇంత జరుగుతుంటే కుర్‌కురే కవర్ నీళ్లలోకి వదిలేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. మేం చూసినప్పుడల్లా చెప్పాం.

ఒక్క రోజే ఉంటే స్నో వ్యూ వదిలేయండి, మబ్బు పడితే మంచుకొండలు ఎలాగూ కనపడవు. పొద్దున్నే సరస్సు ఒడ్డునున్న ఠండీ సడక్ అనే బాట మీద నడక, తర్వాత సెయింట్ జాన్ చర్చిలో 1880 మృతుల పేర్లున్న ఇత్తడి ఫలకం, గాలి లేచాక యాట్. రాత్రి రైలుకి కాఠ్‌గోదాం దిగాలంటే ట్యాక్సీ సాయంత్రమే మాట్లాడుకోండి, సీజన్‌లో ఘాట్ రోడ్ మీద ట్రాఫిక్ గంటలు తినేస్తుంది.