మార్టిన్ లీనా, స్కార్‌ఫేసా: రెండు మనసుల ముఠా నాయకుల్లో ఎవరు మేలు?

తెర వెనుక ఉండి నేర సామ్రాజ్యాన్ని నడిపే నాయకుడికి రెండు మనసులు కూడా ఉంటే, కామిక్సులలోని అలాంటి ప్రతినాయకులలో ఎవరు గట్టివారన్న ప్రశ్నను పాఠకులు రకరకాల రూపాల్లో అడుగుతూనే ఉన్నారు. 2018లో ప్లేస్టేషన్‌లో స్పైడర్‌మ్యాన్ ఆట వచ్చాక ఈ ప్రశ్న మరీ ఎక్కువైంది. ఆ ఆటలో మార్టిన్ లీని, అంటే మిస్టర్ నెగటివ్‌ను చూసినవారు చాలామంది అతడిని బ్యాట్‌మ్యాన్ కథల్లోని టూ-ఫేస్ పక్కన నిలబెట్టి తేల్చమంటున్నారు. నా ఉద్దేశంలో వారిద్దరూ సరిజోడు కారు. లీకి అసలైన పోటీ అదే బ్యాట్‌మ్యాన్ నగరమైన గోథమ్‌లో చేతిలో స్కార్‌ఫేస్ అనే చెక్కబొమ్మతో తిరిగే ఆర్నాల్డ్ వెస్కర్ నుంచి వస్తుంది.

టూ-ఫేస్‌ను ఎందుకు పక్కన పెడుతున్నానో ముందే చెప్పాలి. 1942లో పుట్టిన ఈ పాత్ర గొప్పదనాన్ని ఎవరూ కాదనరు. నిండు కోర్టులో నేరస్థుడు ముఖాన ఆసిడ్ పోయగా సగం ముఖం కాలిపోయిన ప్రాసిక్యూటర్ హార్వీ డెంట్, ఒక వైపు గీతలు పడ్డ నాణెం ఎగరేసి మంచిచెడ్డలను తేల్చుకోవడం ఎప్పటికీ పాతబడని ఊహ. అయితే అతడి దగ్గర రహస్యమనేదే లేదు. ముఖం చూసినవాడికి మనిషెవరో, మనసెలాంటిదో క్షణంలో తెలిసిపోతుంది. దొంగతనానికి ఎంచుకునే చోట్లలో కూడా రెండు అంకె కనిపించేలా చూసుకునేవాడు గుట్టుగా ముఠాను నడిపే నాయకుడు ఎలా అవుతాడు?

స్పైడర్‌మ్యాన్ శత్రువు గ్రీన్ గాబ్లిన్ సంగతి మరోలా ఉంటుంది. 1964లో తొలిసారి కనిపించినప్పటి నుంచి 1966లో ముసుగు తొలగేదాకా అతడు ఎవరో పాఠకులకు సైతం తెలియదు. న్యూయార్క్ ముఠాలన్నింటికీ తానే నాయకుడు కావాలన్న కోరిక తొలినాళ్లలో అతడికి బలంగానే ఉండేది. ముసుగు కింద ఉన్నది వ్యాపారవేత్త నార్మన్ ఆస్బోర్న్ అని తేలిన తర్వాత మాత్రం కథంతా పీటర్ పార్కర్, అంటే స్పైడర్‌మ్యాన్ మీది పగ వైపు మళ్లింది, ముఠాల ఊసే వెనక్కిపోయింది. మంచి ప్రతినాయకుడే కాని ఈ పోటీలో నిలబడడు. ఇక మన ప్రేక్షకులకు రెండు మనసులు అనగానే 2005 నాటి ‘అపరిచితుడు’ గుర్తుకొస్తాడు. అతడు కథానాయకుడు, ఒంటరివాడు, ముఠా లేనివాడు కనుక అతడి ప్రస్తావన ఇక్కడితో చాలు.

వెస్కర్ 1988లో వచ్చాడు. బట్టతల, కళ్లజోడు, ఎవరైనా గట్టిగా మాట్లాడితే ముడుచుకుపోయే స్వభావం గల పెద్దమనిషి. అతడి చేతి మీద కూర్చున్న బొమ్మ పేరు స్కార్‌ఫేస్. 1920ల నాటి అమెరికా గ్యాంగ్‌స్టర్ల తీరులో చారల సూటు, టోపీ, చెంప మీద గాటు, చేతిలో చిన్న మెషిన్‌గన్ ఆ బొమ్మ వేషం. ముఠాకు నాయకుడు బొమ్మే. దోపిడీ పథకాలు వేసేది, వాటాలు పంచేది, తప్పు చేసినవాడిని శిక్షించేది అంతా స్కార్‌ఫేసే. పక్కనున్న మనిషి కాఫీ తెచ్చే నౌకరుతో సమానం. కండలు తిరిగిన రౌడీలు ఆ చెక్క ముఖంలోకి చూస్తూ ‘బాస్’ అని పిలుస్తారు, మనిషి వైపు కన్నెత్తి చూడరు.

వెంట్రిలాక్విజం, అంటే పెదవులు కదపకుండా బొమ్మే మాట్లాడుతున్నట్టు చూపే కళ తెలిసినవారు ఇక్కడ ఒక చిన్న పనితనాన్ని గమనించవచ్చు. పెదవులు కదలకుండా మాట్లాడేవారికి పెదవులు కలిస్తేనే పలికే అక్షరాలతో చిక్కు వస్తుంది. అందుకే కామిక్సులలో స్కార్‌ఫేస్ బ్యాట్‌మ్యాన్‌ను ‘గ్యాట్‌మ్యాన్’ అంటాడు. ఎంత క్రూరమైన బెదిరింపులోనైనా ఆ ఒక్క ‘గ’ వినగానే, ఈ మాటలు పక్కనున్న ముసలాయన నోటి నుంచే వస్తున్నాయన్న సంగతి గుర్తుకొచ్చి నవ్వు, జాలి, భయం ఒకేసారి కలుగుతాయి. రెండు మనసులను ఒకే చిత్రంలో పక్కపక్కన కూర్చోబెట్టి, ఒకదానితో ఒకటి గొడవపడేలా చేయగల సౌలభ్యం ఇంకే ప్రతినాయకుడికీ లేదు. మిగిలినవారందరూ అద్దం ముందు నిలబడి తమతో తాము మాట్లాడుకోవలసినవారే.

1993లో వచ్చిన బ్యాట్‌మ్యాన్ కార్టూన్ భాగంలో ఈ సౌలభ్యాన్ని చివరిదాకా వాడుకున్నారు. తన ముఠా రహస్యాలను బయటపెడుతున్నది వెస్కరేనన్న అనుమానాన్ని బ్యాట్‌మ్యాన్ స్కార్‌ఫేస్ మనసులో నాటుతాడు. రెచ్చిపోయిన బొమ్మ వెస్కర్‌ను కాల్చిపారేయమని తన మనుషులకు ఆజ్ఞ ఇస్తుంది. మనిషిని కాలిస్తే బాస్ ఏమవుతాడో తెలియక రౌడీలు తటపటాయిస్తారు. అనుచరులకు అన్నీ తెలుసు, అయినా ఎవరూ నోరు విప్పరు. ముఠాలోని భయం ఎలా పనిచేస్తుందో చెప్పడానికి ఇంతకంటే మంచి సన్నివేశం నాకు తెలియదు.

ఇంత చెప్పిన తర్వాత కూడా నా ఓటు మార్టిన్ లీకే. ఎందుకో చెప్పాలంటే, నేను అన్నింటికన్నా పైన పెట్టే ఒక కొలతను వివరించాలి. ముఠా నాయకుడు పట్టుబడినప్పుడు నగరం ఏదైనా కోల్పోతుందా? రెండు మనసుల కథల్లో మంచి సగం చాలాసార్లు అలంకారంగానే మిగిలిపోతుంది. డెంట్ ప్రాసిక్యూటర్‌గా చేసిన మేలు ఆసిడ్ పడిన రోజుతోనే ఆగిపోయింది. వెస్కర్ నిరపాయకరమైన మనిషే, అయితే అతడి మంచితనం ఎవరికీ ముద్ద అన్నం పెట్టదు. వారిని జైల్లో పెడితే వారి మీద జాలిపడేవారు ఉంటారేమో కాని వారు లేని లోటు నగరానికి తెలియదు.

లీ సంగతి అలా కాదు. 2007లో పరిచయమై 2008 నాటి స్పైడర్‌మ్యాన్ సంచికల్లో పెరిగిన ఈ పాత్ర న్యూయార్క్‌లో ఫీస్ట్ అనే సత్రాన్ని నడుపుతుంది. ఆకలిగొన్నవారికి భోజనం, ఆపదలో సాయం, తలదాచుకోవడానికి చోటు, ఉపాధికి శిక్షణ అక్కడ దొరుకుతాయి. పీటర్‌కు పెద్దమ్మ వరసయ్యే మే పార్కర్ అక్కడే సేవ చేస్తుంది. రాత్రి అదే మనిషి ఫోటో నెగటివ్‌లో లాగా రంగులన్నీ తిరగబడి, రాక్షస ముసుగులు ధరించిన ‘ఇన్నర్ డెమన్స్’ ముఠాతో చైనాటౌన్ నేర ప్రపంచాన్ని గుప్పిట్లో పెట్టుకుంటాడు, పాతకాపులైన మాగియా అనే మాఫియా కుటుంబాలను తుడిచిపెట్టాలని చూస్తాడు. పైపైన చూస్తే ఇది దానధర్మాల ముసుగు వేసుకున్న డాన్ కథ లాగే అనిపిస్తుంది. అలాంటివారు మన సినిమాల్లో కోకొల్లలు. వారి విషయంలో అనాథాశ్రమం ఒక నాటకం, దాని కింద గోదాములో సరుకు ఉంటుంది.

ఫీస్ట్ నాటకం కాదు. లీ పెట్టే అన్నం నిజం, అతడి దయ నిజం. స్పైడర్‌మ్యాన్ శత్రువు వెనమ్‌గా పేరుమోసిన ఎడ్డీ బ్రాక్ క్యాన్సర్‌తో కుంగిపోయి ఆ సత్రంలో పనిచేస్తున్నప్పుడు, లీ చేయి తగలగానే అతడి జబ్బు నయమవుతుంది. అదే చేయి నెగటివ్‌గా తాకితే మంచివారు చెడ్డవారవుతారు. ఒకసారి ఆ స్పర్శకు మే పార్కర్ మనసే మారిపోయి, ఎన్నడూ పరుషంగా మాట్లాడని ఆ పెద్దావిడ సొంతవారిని మాటలతో పొడిచేస్తుంది. కాబట్టి స్పైడర్‌మ్యాన్ నెగటివ్‌ను పట్టుకోవడమంటే వందలమంది భోజనం చేసే చోటుకు దిక్కైన మనిషిని తీసేయడం. నాయకుడి రహస్యం బయటపడటం వల్ల హీరోకే నష్టం కలిగే ఏర్పాటు ఇది. వెస్కర్ కథకు ఎంత అందమున్నా ఈ బరువు లేదు.

దీనిపైన మరొక మెలిక కూడా ఉంది. మార్టిన్ లీ అన్న పేరు కూడా అతడిది కాదు. చైనా నుంచి మనుషులను దొంగచాటుగా ఓడల్లో తరలించే ముఠాలో అతడు ఒకడు. గోల్డెన్ మౌంటెన్ అనే ఓడ న్యూయార్క్ తీరానికి చేరువలో ప్రమాదానికి గురైనప్పుడు, భార్యను చేరుకోవాలని బయలుదేరి దారిలోనే ప్రాణాలు పోగొట్టుకున్న ఒక ప్రయాణికుడి పేరును అతడు తీసుకున్నాడు. చచ్చినవాడి పేరు పెట్టుకున్న దొంగ నుంచి ఇంత మంచి సగం ఎలా పుట్టిందన్న ప్రశ్నను రచయితలు పూర్తిగా విప్పలేదు. అది లోపమనేవారున్నారు. నాకు మాత్రం అలా వదిలేయడమే నచ్చింది.

ఆట విషయానికి వస్తే, అందులోని లీ కొంత సాదాసీదాగా మారాడు. చిన్నతనంలో నార్మన్ ఆస్బోర్న్‌కు చెందిన ఆస్కార్ప్ సంస్థలో జరిగిన వైద్య ప్రయోగంలో అతడి చేతుల మీదుగానే తల్లిదండ్రులు చనిపోతారు, అక్కడి నుంచి కథంతా ఆస్బోర్న్ మీది ప్రతీకారమే. పగ పెరిగినకొద్దీ ముఠా నాయకుడు తగ్గిపోయాడు. అయితే ఫీస్ట్ కేంద్రంలో మనమే నడుస్తూ, అక్కడ తలదాచుకున్నవారిని పలకరిస్తూ తిరగడం వల్ల, సిటీహాల్ దాడిలో లీ ముఖం తిరగబడటాన్ని పీటర్ చూసే ఘట్టానికి కామిక్సులలో లేని బాధ వచ్చింది.

ఈ పాత్రలన్నింటినీ చూసి, ఒకే మనిషిలో వేర్వేరు వ్యక్తిత్వాలు ఉండే మానసిక స్థితి ఉన్నవారంతా ప్రమాదకారులని అనుకోకూడదు. 1994 నుంచి వైద్యులు డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్ అని పిలుస్తున్న ఈ స్థితి ఎక్కువగా చిన్ననాటి హింసకు గురైనవారిలో కనిపిస్తుంది. కామిక్సులలో దాని పేరు చెప్పి నడిచేది చాలావరకు కల్పనే.

చదవడం ఎక్కడ మొదలుపెట్టాలని అడిగేవారు లీ కోసం 2008 సంచికలను ముందు చదివి, ఆటను ఆ తర్వాత ఆడితే మంచిది. వరస తిరగేస్తే పగే అతడి స్వభావమనుకుని సత్రాన్ని మర్చిపోతారు. వెస్కర్‌కు మాత్రం పాత సంచికలు వెతుక్కునే శ్రమ అక్కర్లేదు, పైన చెప్పిన కార్టూన్ భాగం అరగంట కూడా పట్టదు.